కిటికీకి బిగించిన ఎక్స్‌రే

గద్వాల దవాఖానలో కొత్తగా చేరిన రోజుల్లో మా పెద్ద డాక్టరుగారంటే నాకు భయం. ఎక్స్‌రే చేతికి రాగానే వరండాలోకి వెళ్లి ఎండకు ఎత్తి పట్టుకునేవారు. "మచ్చ ఉందమ్మా. ఎందుకొచ్చి ఉంటుంది?" అని నా వైపు తిరిగేవారు. మంచి మార్కులతో పాసైన నేను, పుస్తకాలు తిరగేయడానికి పరిగెత్తేదాన్ని.

ఒకరోజు యాభై దాటిన నేతపని మనిషి భార్యతో వచ్చాడు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు తీయించిన ఎక్స్‌రేలో, కుడి ఊపిరితిత్తి పైభాగాన శనగగింజ కంటే కాస్త పెద్ద తెల్లని మచ్చ కనిపించింది. ఈసారి జవాబు నాకు తెలుసనుకున్నాను.

"క్యాన్సర్ కావచ్చు సార్" అనేశాను.

ఆ మాట దంపతులిద్దరికీ వినబడింది. ఆమె ఉన్నచోటే నేలమీద కూలబడిపోయింది. పెద్ద డాక్టరుగారు నన్ను తిట్టలేదు. "ఒక్క పేరే తెలుసా అమ్మా నీకు?" అని మెల్లగా అని, అతని పక్కన బల్లమీద కూర్చున్నారు.

"బీడీ తాగుతవా?"

"లేదు సారూ."

"గొర్లు కాసినవా ఎప్పుడన్న? ఇంట్ల కుక్కలున్నయా?"

"మాది మగ్గం పని సారూ. గొర్లు యాడివి?"

రాళ్లు కొట్టే పనికి వెళ్లాడా, కీళ్లు వాస్తున్నాయా, బరువు తగ్గాడా అని అడిగారు. మెడలోని తాయెత్తు నీడ పడిందేమోనని ఎక్స్‌రే తీసిన అతన్ని కూడా పిలిచి అడిగారు. ఒక్కో ప్రశ్న వెనుక అలాంటి మచ్చ రావడానికి ఒక్కో కారణం ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. చివరికి, "ఆర్నెల్లు మందులు మింగినవా ఎప్పుడన్న?" అన్నారు.

"పదిహేనేండ్ల కింద మింగిన. దగ్గుల రక్తం పడుతుండె. మంచిగైనంక మల్ల ఫోటో తీసిండ్రు."

"ఆ ఫోటో ఉన్నదా?"

నేలమీదున్న భార్య తలెత్తింది. "ఉన్నది సారూ. నిరుడు వానలకు కిటికీ అద్దం పలిగితే దానికే బిగించినం."

పెద్దాయన నా వైపు చూశారు. ఆయన చెప్పకుండానే ఆమె వెంట బయలుదేరాను. నేతగాళ్ల వీధి అక్కడికి పది నిమిషాల నడక. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పక్క కిటికీకి నాలుగు మేకులతో బిగించిన ఎక్స్‌రే. ఆమె కత్తెర మొనతో మేకులు ఊడదీస్తుంటే, పక్కటెముకల మీదుగా వెలుతురు ఆమె ముఖాన పడుతోంది. ఆ మచ్చ అందులో ఉండాలని నేను మనసులో మొక్కుకున్నాను.

ఉంది. అదే చోట, అంతే సైజు. పెద్దాయన రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "మానిన టీబీ గాయం. పదిహేనేళ్లుగా ఇంతే ఉంది" అన్నారు. అయినా కళ్లె పరీక్ష చేయించారు, కొన్నాళ్లకు మళ్లీ ఎక్స్‌రే తీయించారు. మార్పు లేదు. ఆపరేషన్ బాగా జరిగింది.

నేను అతని భార్యకు క్షమాపణ చెప్పుకున్నాను.

"బయపడ్డం మేడం, అబద్దం ఎందుకు? గనీ మీరు మా ఇంటిదాంక నడిచొచ్చిండ్రు గద, గంతే చాలు" అంది.

ఇప్పుడు నేను పనిచేసే నాగర్‌కర్నూల్‌లో స్కానింగ్ ఫలితం నిమిషాల్లో ఫోన్‌కే వస్తుంది. అయినా కొత్త డాక్టర్లతో ముందు పాత ఫిల్మ్ ఉందేమో అడగమంటాను. పోయిన వేసవిలో బిజినేపల్లి నుంచి వచ్చిన ఓ రైతు మహిళ దగ్గర పాతదేదీ లేదు. ఆమె మచ్చ నిజంగానే క్యాన్సర్. ఈసారి ఆ మాట ఆమె పక్కన కూర్చొని, చేయి పట్టుకొని చెప్పాను. తొందరగా బయటపడింది కాబట్టి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. మొన్న పచ్చి వేరుశనగ కాయలు సంచినిండా తెచ్చింది. "చేనుదాంక నడుస్తున్న మేడం, జర ఆయాసం, గంతే" అని నవ్వింది.