కర్గీ రోడ్ దాటాక, జారే రాయి కోసం

నేను బిలాస్‌పూర్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పోయిన చలికాలం కోటా అవతలి కొండవాగులో తెల్లచార ఉన్న ఒక రాయిని గీకి తెచ్చిన పాకుడులో నాలుగే నాలుగు వింత డయాటమ్‌లు కనిపించాయి. డయాటమ్‌లంటే కంటికి ఆనని నీటిజీవులు, ఒక్కొక్కటీ గాజుగూడు కట్టుకుని బతుకుతుంది. ఆ గూళ్ల మీది గీతలు తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. కానీ నాలుగింటిని చూపించి కొత్త జాతి అంటే ఎవరు నమ్ముతారు? అక్కడివే మరిన్ని కావాలి, అదీ వాగు ఎండిపోకముందే. రైల్వేలో రిటైరైన మా నాన్న "ఒక్కదానివీ ఏటెల్తావు" అంటూ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటి నుంచి స్టేషనుకి ఆటోలో వెళ్లి పొద్దున్నే కట్నీ వైపు ప్యాసింజర్ ఎక్కితే, గంటలోపే కర్గీ రోడ్, అదే కోటా ఊరి స్టేషను. బండి ఆగినప్పుడల్లా ఎందుకాగిందో నాన్న చెబుతుంటే, కిటికీకి తల ఆనించి సగం నిద్రలో ఊఁ కొట్టాను. స్టేషను బయట ఆటో రానూపోనూ ఎనిమిది వందలకి కుదిరింది. "కా ఖోజత్ హవ్ దీదీ?" అని డ్రైవరు ఏం వెతుకుతున్నానో అడిగాడు. రాళ్ల మీది పాకుడు అంటే అతను నాన్న మొహం చూశాడు. "డ్యూటీ" అన్నాడు నాన్న గంభీరంగా.

పదింటికి వాగు చేరాం. మడమ లోతు నీళ్లు. ఆకుల్లోంచి దిగిన ఎండ నీటి అడుగున కదులుతుంటే ఎందుకొచ్చానో కాసేపు మర్చిపోయాను. సీసాలకి చీటీలు అంటించి తలెత్తేసరికి, తెల్లచార ఉన్న నా రాయి పక్కనే నాన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"జారిపడతావని ఇసకేసి తోమీసేనమ్మా. ఎలాగుందో సూడు!"

ఏడుపొచ్చేసింది. "నాకు కావాల్సింది ఆ జారేదే నాన్నా."

"అచ్ఛా... మరి ముందే సెప్పవేటి?" అన్నాడు చిన్నబోయి.

చెప్పులు విప్పేసి, ఒక్కో రాయి మీదా పాదం ఆనించి చూస్తూ వాగు పైకి నడిచాడు. వెనకాల నేను. గంట గడిచాక సర్రున జారి నీళ్లలో కూలబడ్డాడు. "అమ్మా, ఇక్కడ జారతంది! బేగి రా!" అని సంబరంగా కేకేశాడు. ఆ రాయిని బ్రష్షుతో గీకి సీసాలో పట్టాను.

గాజుగూళ్లే మిగిలేలా ఆమ్లంలో మరిగించి, కడిగి, స్లైడు చేసేసరికి వారం పట్టింది. కొత్తవి చూడాలంటే దూరం పోవాలనుకునేదాన్ని. మా ఊరికి ఇంత దగ్గర్లో ఇవి ఎన్నాళ్లుగానో పేరు లేకుండానే మెరుస్తున్నాయి. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, ఏ రాయి ముట్టుకోకూడదో తోడొచ్చినవాళ్లకి ఆటో దిగకముందే చెప్పండి.

స్లైడు నిండా అవే. నాన్నని ల్యాబుకి తీసుకెళ్లాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"దీన్ని ఇంతవరకూ ఎవలూ సూడలేదేటి?"

"నేను చూశాను. ఇప్పుడు నువ్వు."