ఉప్పు డబ్బా కింది మాట

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో వంటింటి అరల్లో పరిచే పూల ప్లాస్టిక్ షీటు కొంటుంటే పాత ఇల్లు గుర్తొచ్చింది. మన చిన్నప్పుడు అరల్లో పాత పేపర్లే కదా! అంచుల్ని కత్తెరతో వంకీలు వంకీలుగా కత్తిరించేవాళ్లు, గుర్తుందా?

చంపాపేట్‌లో మా కిరాయి ఇంట్లో పరిచినవి ఓనరు వాళ్లిచ్చిన ఇంగ్లీష్ పేపర్లు. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియానికి మారి, క్లాసులో నోరు విప్పలేక ఇంటికొచ్చి ఏడ్చే రోజులవి. పోపు వాసన కొట్టే ఆ అర ముందు నిలబడి, డబ్బాలు జరిపి మాటలు చదివేదాన్ని. డిక్షనరీలో అర్థం వెతికి అమ్మకు చెప్పేదాన్ని. పసుపు డబ్బా కింద ‘మెటిక్యులస్’, అంటే ప్రతి చిన్నదీ శ్రద్ధగా చూసుకునేవాళ్లు. ఉప్పు డబ్బా కింద ‘రెజిలియెంట్’. చదువు రాని అమ్మ వాటిని డబ్బాలతోనే గుర్తుపెట్టుకుంది.

“ఉప్పు డబ్బా కిందిదానికి అర్థమేందే?”

“దెబ్బ తిన్నా మల్ల లేసి నిలబడేటోళ్లను అట్ల అంటరమ్మా.”

“గట్లనే ఉండాలె నువ్వు.”

పండక్కి ఇల్లంతా దులిపినా అమ్మ ఆ పేపరు జోలికి మాత్రం పోలేదు. నూనె మరకలు చూసి పక్కింటి ఆంటీ మొహం చిట్లిస్తే, “ఉండనీ వదినా, మా పిల్ల ఇంకా నేర్సుకుంటున్నది” అంది.

ఇవాళ ఎల్బీనగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చిన అమ్మ, నేను కొన్న కొత్త షీటు విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది.

“అన్నీ పువ్వులే ఉన్నయి గదనే! నేర్సుకోనీకి ఒక్క మాటన్న లేదు.”