పచ్చలైటు గ్లౌజు

ఎంటెక్ రెండో ఏడులో నేనొక గ్లౌజు తయారు చేశాను. పక్షవాతం వచ్చినవాళ్లు దాన్ని తొడుక్కుని వేళ్లు పూర్తిగా చాస్తే మణికట్టు దగ్గర పచ్చలైటు వెలుగుతుంది. ఎన్నిసార్లు చాచారో హైదరాబాదులో ఉన్న నా ఫోనుకు తెలుస్తుంది. మామూలు ఉన్ని గ్లౌజు, కోఠిలో ఏరి తెచ్చిన సెన్సర్లు. పేదవాళ్లకు అందుతుందని నాకు మహా గర్వం.

నల్గొండలో ఒక దవాఖానలో పరిచయమైన అవ్వకు దాన్నిచ్చాను. పత్తి ఏరే మనిషి, కుడిచేయి పడిపోయింది. మొదటి నెలల్లోనే వేళ్లు కదిలించాలని, ఆ అదను దాటితే కష్టమని ఫిజియోథెరపీ మేడం గట్టిగా చెప్పింది. అవ్వ ఊరు దూరం, రోజూ బస్సెక్కి రాలేదు. అందుకే గ్లౌజు.

వారం తిరగకముందే నా ఫోనులో ఆ లెక్క చూపే గీత పైకి లేచింది. రెండు నెలలు లేస్తూనే ఉంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాయబోయే పరిశోధన పేపరుకు అప్పుడే పేరు కూడా పెట్టేశాను. ఊరికి వెళ్లి అవ్వను చూడాలని మాత్రం తోచలేదు. గీత కనిపిస్తోంది కదా అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

చివరికి పేపరులో వేసే ఫోటో కోసం వెళ్లాను. అవ్వ మంచంలో ఉంది, పిడికిలి బిగుసుకుపోయింది. అరుగు మీద ఆమె భర్త, తాత, గ్లౌజు తొడుక్కుని శ్రద్ధగా వేళ్లు చాస్తున్నాడు.

"తాతా, నువ్వెందుకు ఏసుకున్నవే?"

"మీ అవ్వ వేళ్లు సాపితే ఏడుస్తది బిడ్డా. దాని పేరు మీద శనివారం ఒక్కపొద్దు నేనే ఉంటున్న. గిది గూడ నేనే చేస్తున్న. ఒక్క దినం తప్పలే."

తాతను తిట్టి లాభం లేదు. తిట్టవలసింది నన్నే. గ్లౌజు విప్పించి అవ్వకు తొడగబోయాను. వేళ్లు విడదీయడమే నావల్ల కాలేదు. ఆమె నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుంది.

మరునాడు దవాఖానకు తీసుకెళ్లాం. మేడం చాలాసేపు చూసి, నన్ను పక్కకు పిలిచి, ఆ చేయి ఇంక పత్తి ఏరదు అంది.

బయట బెంచీ మీద తాత అడిగాడు. "ఏమన్నది బిడ్డా? చెయ్యి మంచిగైతదా?"

నేను గ్లౌజును మడిచి సంచిలో పెట్టేశాను. అది చూసి లోపం తన కసరత్తులోనే ఉందనుకున్నాడేమో, నా సంచిలోంచి గ్లౌజు తీసి మళ్లీ తొడుక్కున్నాడు.

"ఫికర్ జెయ్యకు. ఇయ్యాలటి సంది పొద్దూ మాపూ చేస్త."

వేళ్లు చాచాడు. పచ్చలైటు వెలిగింది. ఆపమని చెప్పలేక ఆయన పక్కనే కూర్చుండిపోయాను.