రెండు గంటల చుక్కలు

గనుల లోపల రాయి ఒత్తిడి తట్టుకోలేక దానంతటది పగులుతుంది. అది ఎప్పుడు పగులుతుందో మూతపడిన మా గనుల పాత రికార్డులు చూసి కంప్యూటర్ ముందే చెప్పగలదని నా థీసిస్. దాదాపు తప్పు లేకుండా చెబుతోంది కూడా. నాకు కాస్త తలపొగరు ఎక్కిన మాట నిజం.

బెంగళూరులో మా కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంటులో థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుట సెమినార్ ఇవ్వాలి. అందులో నిలబడితేనే సంతకాలు పెడతారు. దానికి పది రోజులుందనగా మా గనుల ఊరు కోరమండల్‌లో మా ఇంట్లో రిహార్సల్ పెట్టాను. వినడానికి ఇద్దరు: అనపకాయలు ఒలుస్తున్న అమ్మ, గనిలో మందు పెట్టి రాయి పేల్చే పని చేసిన నాన్న.

ఏ పగులు ఏ వేళకు వచ్చిందో చుక్కలుగా చూపే లాప్‌టాప్ గ్రాఫు మీద నాన్న వేలు పెట్టాడు. "ఈ చుక్కలు రెండు గంటల దగ్గరే గుంపుగా ఉండాయి కదమ్మా. ఇవి రాయి దానంతటది పగిలినవి కాదు. షిఫ్టు అయినాక అందరినీ పైకి పంపించి మేము పేల్చినవి."

కంప్యూటర్ నేర్చుకున్నది రాయి గురించి కాదు, మా నాన్న డ్యూటీ గురించి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. సిగ్గుతో ఆ పూట అన్నం తినలేదు.

మా గైడుకు చెప్పాను. మంచివారే, కానీ భయస్తులు. "ఎవరూ అడగరు, ఇప్పుడెందుకు కదిలిస్తావు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తప్పని తెలిశాక దాన్ని తెర మీద వేసే మొహం నాకు లేదు. రోజూ బెంగళూరు వెళ్ళొచ్చే బంగారుపేట రైల్లో కూర్చుని, నాన్న చెప్పిన షిఫ్టు వేళల ప్రకారం పేల్చినవన్నీ ఏరి పారేశాను. మిగిలినవి గుప్పెడు. వాటితో కంప్యూటర్ సగానికి సగం తప్పే చెబుతోంది. అదే పట్టుకుపోయాను. పోతే పట్టా పోతుంది అనుకున్నాను.

సెమినార్‌లో ఒక ప్రొఫెసర్ లేచారు. "ఇవి పేల్చినవని మీకు చెప్పిందెవరు? రిఫరెన్స్ ఏది?"

"మా నాన్న. ఆ మందు పెట్టిన మనిషి. చివరి వరసలో కూర్చున్నారు, అడగండి."

కొందరు నవ్వారు. ప్రొఫెసర్ నవ్వలేదు, నిజంగానే అడిగారు. ఆయన ఇంగ్లీషు, నాన్న తెలుగు, మధ్యలో నేను. ఎంత లోతు, ఎన్ని మందుగుళ్ళు, ఎంతసేపటికి ఎవరు మళ్ళీ దిగేవారు, అన్నిటికీ నాన్న తడుముకోకుండా చెప్పాడు.

"సరే, మిగిలిన ఈ చుక్కలైనా నిజమని ఏమిటి నమ్మకం?" అన్నారు ప్రొఫెసర్.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఆ పెద్ద చుక్క ఏ తారీకమ్మా?"

చెప్పాను.

"అది నిజమే. ఆ పొద్దు నేను లోపలే ఉండాను. మా గ్యాంగులో ఇద్దరు పైకి రాలేదు."

ఇంట్లో ఎన్నడూ చెప్పని ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ తర్వాత సంతకాలు పెట్టేశారు.