పొగడచెట్టు చుట్టూ మూరెడు జాగా

తోట తాత పోయాడని మొన్న పొద్దున వికారాబాదు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది రచయిత ఇంటి కమిటీ పెద్దమనిషి. "సంతాప సభకు తప్పక రావాలె మేడం. బండలిచ్చిన దాతలు మీరు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ మాట నిజం కాబట్టి ఇంకా మండింది.

అనంతగిరి కింద ఆ ఇంట్లో ఉండిన రచయిత పోయి చాలా ఏళ్లయింది. ఆయన పెట్టిన పనస, అరటి, సంపెంగలను ఇన్నాళ్లూ బతికించింది తోటమాలి తాతే. చూడ్డానికి ఎవరొచ్చినా గేటు దగ్గరే చేతికి చెంబు ఇచ్చేవాడు. తొట్టిలో ముంచి ఏదో ఒక చెట్టుకు పోశాకే లోపలికి. రచయిత నాటి పద్ధతట. ఓసారి కారు దిగొచ్చిన ఆఫీసరు మొహం చిట్లిస్తే, "గాయన రాసింది తర్వాత సదువు సారూ, ముందుగాల గా అరటికి పొయ్యి" అన్నాడు. ఆఫీసరు పోశాడు, బూట్లు తడుపుకున్నాడు. తాత నవ్వు ఆపుకోనేలేదు.

బడి పిల్లగా మొదటిసారి వెళ్లినప్పుడు నాకు పొగడచెట్టు చూపించాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, "నీ చెట్టుకు దూపైతుంది బిడ్డా" అని చెంబు అందించేవాడు.

మాది తాండూరు. బండల పాలిష్ కార్ఖానా. తోటలో బురదవుతోంది, బాట వేస్తామని పోయినేడు కమిటీ వాళ్లు అడిగితే మురిసిపోయి లారీ నిండా బండలు పంపాను. వాళ్లు బాటతో ఆగలేదు, తోటంతా పరవడం మొదలుపెట్టారు. తాత ఫోన్ చేశాడు. "జర నువ్వన్న చెప్పు బిడ్డా. చెట్టు సుట్టు మూరెడు జాగ ఇడిసిపెట్టుమను. గంతే." చెప్తాను తాతా అన్నాను. కార్ఖానా పనుల్లో పడి చెప్పలేదు. వాళ్లు చెట్ల మొదళ్ల దాకా పరిచి సిమెంటు పూసేశారు.

తాత గుండెజబ్బుతో పోయాడు. బండల వల్ల పోయాడని అనను. కానీ ఈ ఎండాకాలమంతా పొగడ రాల్చిన ఆకు ఊడ్చింది ఆయనే.

సభ ఆ బండల మీదే పెట్టారు. చెట్టుకు నీడ లేదు కనుక షామియానా వేశారు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని తాత సేవను తెగ పొగిడారు. బతికుండగా మూరెడు మన్ను ఇవ్వని నోళ్లవి. ఒక్క మాట అడగని నోరు నాది.

నన్ను పిలిచారు. మైకు దగ్గరికి పోలేదు. తొట్టిలో చెంబు ముంచి పొగడ మొదట్లో పోశాను. ఒక్క చుక్క ఇంకలేదు. నీళ్లు నా బండల మీద జారి కుర్చీల కిందకు పోయాయి. జనం చెప్పులు పైకెత్తుకున్నారు.

"మేడం, సభ నడుస్తుంది" అన్నాడు పెద్దమనిషి.

"గడ్డపార ఏడున్నది?" అన్నాను.

తాత గదిలో తలుపు వెనకే ఉంది. సిమెంటు పగిలి మొదటి బండ లేచేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. కింద మన్ను పొడిపొడిగా ఉంది. రెండో చెంబు పోశాను. గుటక వేసినట్టు చప్పుడు చేసి, మొత్తం లోపలికి పోయింది.