పదకొండున్నర అడుగుల పెద్దమనిషి

ఈ మామయ్యని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. కలిసినప్పుడు ఆయన చొక్కా జేబులోకి తొంగిచూడండి. అందరి జేబుల్లో పెన్ను ఉంటుంది, ఆయన జేబులో మనిషి ఉంటాడు. రబ్బరు ముక్కతో తల, అగ్గిపుల్లలతో కాళ్ళు, నల్లట్టతో కోటు. పొరపాటున బొమ్మ అన్నారో, మీ పని అయిపోయినట్టే. 'ఈయన' అనాలి.

మామయ్య భవనాలు డిజైన్ చేసి చేసి రిటైరైన ఆర్కిటెక్టు. కాగితం మీద గది కనిపించినా, అట్టతో చేసిన నమూనా కనిపించినా, ముందు ఈయన లోపలికి వెళ్ళి రావాల్సిందే, ఆ తర్వాతే మామయ్య నోరు విప్పేది. ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకుని కూడా గోడకి అంటించిన కొత్త క్లినిక్ ప్లాను మీద ఈయన్ని నడిపించారు. లోపలికైతే వెళ్ళాడు గానీ బయటికి దారి దొరకట్లేదని నోట్లో దూదితోనే ఫిర్యాదు చేశారు. డాక్టరు పన్ను వదిలేసి ప్లాను దిద్దుకున్నాడు. ఇక మామయ్య కట్టించిన ఇళ్ళ గుమ్మాలు చూసి, లోపల ఏనుగుని పెంచుతున్నారా అని పక్కింటివాళ్ళు అడిగేవారు.

అలాంటి మామయ్య కొత్త దహనవాటిక డిజైన్ల పోటీకి జడ్జీ అయ్యారు. పిలిచింది స్వయానా మేనకోడలే. మునిసిపల్ ఆఫీసులో ఆ పోటీ బాధ్యత ఆమెది, ఊళ్ళో ఆయన కంటే అనుభవం ఉన్నవాళ్ళు లేరు మరి. పాత రేకుల షెడ్డు తీయించి మంచి భవనం కట్టించాలని ఆమె రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి కమిషనరు సరేనన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా ఒకే డిజైన్ తేల్చి కాగితం ఇవ్వాలి, లేదంటే పాత షెడ్డుకే రంగేయించి చేతులు దులుపుకుంటారు. జడ్జీలు ముగ్గురు. ముగ్గురూ మూడు వైపులు లాగితే మేనకోడలి ఓటే ఆఖరు.

ముందురోజే ఆమె బతిమాలుకుంది. "మామయ్యా, ఆ ఒక్కరోజుకీ ఈయన్ని ఇంట్లో పెట్టి రా."

"ఇంట్లో ఒక్కడే ఉండి ఏం చేస్తాడే?" అన్నారు మామయ్య.

శుక్రవారం పొడవాటి బల్ల మీద నమూనాలు వరసగా పెట్టారు. మొదటిది ఎగిరే పక్షిలా ఉంది. రెండో జడ్జీ, కాలేజీ ప్రొఫెసరు, దాని ముందు నిలబడి, ఆత్మ ఎగిరిపోతున్నట్టు లేదూ అని మురిసిపోయాడు. ఈలోగా ఈయన లోపలికి బయల్దేరి రెక్క కింద ఇరుక్కున్నాడు. మామయ్య మెల్లగా లాగారు. ఈయన వచ్చాడు, రెక్క కూడా వచ్చింది. మేనకోడలు పరుగున వెళ్ళి జిగురు తెచ్చింది.

రెండోదానికి కొండ ఎక్కినట్టు చుట్టలు తిరిగే దారి. ఈయన మలుపు మలుపుకీ ఆగి ఆయాసం తీర్చుకున్నాడు, అంటే మామయ్యే తీర్చుకున్నారు. మూడో జడ్జీ, కొలిమి యంత్రాల ఇంజనీరు, టీ తాగి వచ్చేసరికి ఈయన ఇంకా మూడో చుట్టలోనే ఉన్నాడు.

ఇంజనీరు మనసు నాలుగోదాని మీద ఉంది. పొగ రాదు, వాసన రాదు, మిగిలిన వేడి పక్కనున్న ఈతకొలనుకి పోతుంది. మామయ్య ఈయన్ని కొలను గట్టున నిలబెట్టి కాసేపు ఆలోచించి, "ఈయన ఈతకి రాలేదండీ" అన్నారు.

తొమ్మిదోది జిగురు మరకలతో, పొడుగు వసారాతో, పెద్ద పెద్ద తలుపులతో సాదాగా ఉంది. గోడౌనులా ఉందని ప్రొఫెసరు అప్పటికే పక్కకి నెట్టేశాడు. అందులోకి మాత్రం ఈయన ఎక్కడా తగలకుండా నడిచి, వసారా అరుగు మీద కూర్చున్నాడు. మామయ్య మొహం వెలిగిపోయింది.

అప్పుడే ప్రొఫెసరుకి అనుమానం వచ్చింది. స్కేలు తీసి ఈయన పక్కన నిలబెట్టాడు. మూడున్నర సెంటీమీటర్లు. నమూనాలన్నీ సెంటీమీటరుకి మీటరు లెక్కన చేసినవి.

"అంటే మీ పెద్దమనిషి పదకొండున్నర అడుగులన్నమాట," అన్నాడు ప్రొఫెసరు. "ఇన్నేళ్ళూ తప్పు కొలతతో తిరుగుతున్నారండీ మీరు."

ఇంజనీరు టీ పొలమారేలా నవ్వాడు. మేనకోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయితే ఆ ఏనుగు గుమ్మాలన్నీ దీనివల్లేనా?

మామయ్య తొణకలేదు. ఈయన కోటుకి అంటిన జిగురు గోటితో గీకుతూ, "తెలుసండీ. కావాలనే రెండింతలు చేశాను," అన్నారు. "అలాంటి చోటికి ఎవరూ ఒంటిగా నడిచి రాలేరు. పక్కన ఒకరు పట్టుకుని తేవాలి. ఇది ఇద్దరి కొలత."

మేనకోడలికి తను చిన్నప్పుడు ఆడుకున్న పాత ఈయన గుర్తొచ్చాడు. వాడు ఇందులో సగమే ఉండేవాడు. ఆ తర్వాత నాన్న పోయిన రోజు గుర్తొచ్చింది. పాత షెడ్డు గుమ్మంలో అమ్మా, అమ్మని పట్టుకున్న మామయ్యా పట్టలేదు. పక్కకి తిరిగి దూరబోతే అమ్మ భుజం తలుపుకి కొట్టుకుంది. అంత దుఃఖంలోనూ అమ్మ ఆ తలుపుకి సారీ చెప్పింది. మామయ్య, వెనకాల వస్తున్న చిన్నారి మేనకోడల్ని చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు చీదుకున్నారు. ఆ ఏడాదే కొత్త ఈయన జేబులోకి వచ్చాడు.

ఓట్లు అడిగితే ప్రొఫెసరు పక్షి అన్నాడు, ఇంజనీరు ఈతకొలను అన్నాడు, మామయ్య తొమ్మిది అన్నారు. గోడ గడియారం ఐదుకి ఆరు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తొమ్మిది అని రాస్తే మామయ్య కోసం రాసిందంటారు. రాయకపోతే ఇంకో అమ్మ ఇంకో తలుపుకి సారీ చెబుతుంది.

ఆమె తొమ్మిది అని రాసింది. ఇంజనీరు చెప్పిన పొగరాని కొలిమి అందులోనే పెట్టాలని కింద ఇంకో వాక్యం చేర్చింది. ఇంజనీరు సంబరంగా సంతకం పెట్టాడు. ప్రొఫెసరు ఏమీ అనకుండా ఈయన్ని తీసుకుని తన పక్షి గుమ్మం దగ్గర ఒకసారి పెట్టి చూశాడు. తల తగిలింది, రెక్క మళ్ళీ ఊడింది. చివరికి ప్రొఫెసరూ సంతకానికి పెన్ను అడిగాడు.

మామయ్య కోసమే ఓటేసిందని ఆఫీసులో ఇప్పటికీ అంటారు. ఆమె కాదనదు. సరే, మీరే చెప్పండి. ఐదు కావడానికి ఆరు నిమిషాలుంది, పెన్ను మీ చేతిలో ఉంది, పదకొండున్నర అడుగుల పెద్దమనిషి అరుగు మీద కూర్చుని మీవైపే చూస్తున్నాడు. మీరైతే ఏం చేసేవారు?