మీగడ మీద వేలిగీత

మనుమని నోటికాడి పాలు తీస్కపోయి మోరీల పోసిన తెలివిగల్ల ముసల్దాన్ని నేనే. నవ్వుండ్రి గని, ఆ పగటిపూట ఆ ఇంట్ల మీరుంటే మీరు సుత ఉరికేటోళ్లు.

నా బిడ్డ సునీతకు మొయినాబాద్‌ల కాలేజీ ఆఫీసుల నౌకరి. కాన్పు సెలవు అయిపోయినంక, పొద్దుగాల తన పాలు పిండి సీసాలల్ల పోసి ఫ్రిజ్‌ల పెట్టి పోతుండె. పిల్లగాన్ని చూస్తందుకు చేవెళ్ల నుంచి నేనొచ్చిన. అల్లుడు చందనవెల్లి ఫ్యాక్టరీకి పోతడు. ఇగ పగలంత ఇంట్ల నేను, పండుకున్న పసిగుడ్డు, గుర్రుమనే ఫ్రిజు.

మొదటి దినమే ఫ్రిజ్ తీసి చూసిన. సీసాల అడుగున పాలు నీలంగున్నయి, పీనుగ గోర్ల లెక్క. మీద పసుప్పచ్చటి మీగడ. ఆ మీగడ సీసా గోడకు గీతలెక్క అంటుకున్నది, ఎవరో లోపల్నుంచి వేలు పెట్టి గీసినట్టు. పక్క సీసాల మీగడే లేదు. ఫ్రిజ్ తలుపు దబ్బున మూసిన.

ఎందుకంటరా, మీగడల వేలు పెట్టేటి అలవాటు మా ఆయనకుండె. గుండె మంచిగ లేదు, నెయ్యి మీగడ బందు చెయ్యమని డాక్టర్ చెప్తే, నేనటు తిరగంగనే గిన్నె నాకుతుండె. అట్లనే పోయిండు. చచ్చినోని కండ్లు చారెడంటరు, మా ఆయన వేలు బారెడు.

దయ్యం ఎంగిలి పసిపిల్లగానికి ఎట్ల తాపిస్త? మోరీల పోసి, చాటుకు డబ్బా పాలు కలిపిన. దినాం ఇదే పని. ఇటు సునీత అన్నంల గంటెలతోని నెయ్యి పోసిన.

"ఇంత నెయ్యి ఏందే అమ్మా?"

"పాలు చిక్కగ రావాలె బిడ్డా. ఇద్దరికి సాలాలె."

"ఇద్దరెవరే?"

"తిను."

ఎంత పోసినా మీగడ అంతే. ఇగ ఒకనాడు గిన్నెల బర్రెపాల మీగడేసి, చక్కెర చల్లి, ఫ్రిజ్ ముంగట పెట్టిన. "ఇగో, నీది నువ్వు తిను. పోరని పాలు ముట్టకు" అన్న. వంటింటి తలుపుకు బయటికెల్లి గొళ్లెం పెట్టి, పిల్లగానికి నీళ్లు పోసొచ్చిన. గొళ్లెం పెట్టినట్టే ఉన్నది. గిన్నె ఖాళీ. అడుగున ఒక్కటే వేలిగీత.

ఆ మాపటికే సునీతకు డబ్బా దొరికింది. బిడ్డ అరవలే, తిట్టలే. పాలు పిండే పంపు తీసి నా ఒళ్లె పెట్టింది. "నా పాలు వానికి పనికి రాకుంటే ఇగ పిండనే" అని ఏడ్సింది. అప్పుడు మొత్తం చెప్పిన.

తెల్లారి నన్ను దవాఖానకు గుంజుకపోయింది. నర్సమ్మ నవ్వాపుకుంట చెప్పింది: "అవ్వా, సల్లగైతే కొవ్వు మీదికి తేలుతది. మెల్లగ తిప్పితే కలుస్తది. ఒక పూట పాలల్ల ఎక్కువుంటది, ఒక పూట తక్కువ. తల్లికి నెయ్యి తాగిపిచ్చినా పాలు పెద్దగ చిక్కబడయి. కాకుంటే ఏ రకం కొవ్వు తింటే ఆ గుణం పాలల్లకు పోతది. చేపలు పెట్టు, అవిసెలు పెట్టు."

"నెయ్యంత యాడికి పోయింది మరి?"

"నా నడుముకు" అన్నది సునీత. శానా దినాలకు నవ్వింది. ఆ సాయంత్రం మళ్ల పంపు పట్టింది.

గిన్నె ముచ్చట సుత అడిగిన. నర్సమ్మ నా బీపీ చూసింది.

అందుకే నలుగురి ముంగట ఒట్టేస్తున్న. తల్లిపాలు ఇగ జన్మల పారబొయ్య. చచ్చినోనికి మీగడ పెట్ట. ఒకవేళ పెట్టినా చక్కెర మాత్రం వెయ్య.

ఆయనకు షుగరు సుత ఉండె.